టిక్కీ మీద చెయ్యి

ఇట్టా రండి, ఇట్టా రండి. దగ్గరికి జరగండి. ఆ బీడీ ఆర్పెయ్యండి, ఆ ఫోన్లు బోర్లా పెట్టండి. ఏమయ్యా, ఆ మూల గుసగుసలు ఆపితే నేను మొదలుపెడతా. నోట్లో బజ్జీ ఉన్నవాళ్ళు ముందు నమిలి మింగండి. మధ్యలో నవ్వొచ్చి పొలమారితే నాకు సంబంధం లేదు. నేను చెప్పేదాంట్లో అబద్ధం ఉందని ఎవరికైనా అనిపిస్తే చెయ్యెత్తండి. ఎత్తేముందు మాత్రం ఆ చెయ్యి దేని మీద ఉందో చూసుకోండి, ఎందుకంటే ఈ గొడవంతా చెయ్యి ఎత్తకూడదన్న రూలు వల్లే వచ్చింది.

బైపాసు పక్కన మిరప రైతుల సహకార సంఘం వాళ్ళ కోల్డ్ స్టోరేజీ ఉంది కదా. దాని గేటు ముందే నా బజ్జీల బండి. రైతులు మిరపకాయల బస్తాలు, అదే, మేం టిక్కీలంటాం, తెచ్చి అందులో పెట్టుకుని, రేటు బాగున్నప్పుడు తీసుకుని అమ్ముకుంటారు. లోపల చలి మామూలు చలి కాదు. పొరపాటున ఈగ దూరితే కాళ్ళు మడుచుకుని రెక్కలు కప్పుకుని మూలన పడుకుంటుంది. బస్తాలు మోసే ముఠాకి మేస్త్రి అంకారావు ఒకసారి వేడి టీ గ్లాసుతో లోపలికెళ్ళి, కొరుక్కుని తిని బయటికొచ్చాడు. నేను కళ్ళారా చూశాను.

ఆ సంఘానికి మేనేజింగ్ డైరెక్టరు ప్రభంజనరావు గారు. ఎండలో కూడా టై కట్టుకునే మనిషి. ఆయన ఏదో సదస్సుకి వెళ్ళొచ్చి, రైతు ఇంట్లో కూర్చుని ఫోనులో తన టిక్కీలు చూసుకోవాలన్నాడు. పట్నం నుంచి ఒక కంప్యూటరాయన్ని పిలిపించి యాప్ చేయించాడు. దాని పేరు మిర్చి దర్శిని.

కంప్యూటరాయన నా బండి దగ్గరే నిలబడి బజ్జీ తింటూ ఆయనకి వివరం చెప్పాడు.

"సార్, మన సరుకంతా లోపల డేటాబేసులో వరసలు వరసలుగా ఉంటది. రైతు తెర తెరిచినప్పుడు, ఆయన వరస మీద ఒక కర్సరు వేలు పెట్టుకుని నిలబడి ఉంటది. ఇదిగో ఇక్కడ, ఇదే మీ సరుకు అని."

"నిలబడి ఉంటుందా? ఎంత క్రమశిక్షణ!" అన్నాడు ప్రభంజనరావు.

"అయితే సార్, అసలు సంగతేందంటే..."

అంతలో ప్రభంజనరావు గారి ఫోను మోగింది. ఆయన మాట్లాడుకుంటూ అటు వెళ్ళిపోయాడు. కంప్యూటరాయన మిగతా సగం నాకు చెప్పాడు. తెర పోయినప్పుడు దాని కర్సరుని కూడా తప్పకుండా పంపించెయ్యాలంట, లేకపోతే లోపల ఒకదాని వెనక ఒకటి పేరుకుపోతాయంట. నేను "ఔనౌను" అని ఇంకో బజ్జీ వేశాను. ఆయన బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు. చూశారా, ఒక సగం ఆఫీసులోకి వెళ్ళింది, ఒక సగం బజ్జీల బండి దగ్గర ఉండిపోయింది.

మర్నాడు ప్రభంజనరావు సిబ్బందిని పిలిచి మీటింగు పెట్టాడు.

"మన గిడ్డంగిలో కర్సరు ఎక్కడ?" అని అడిగాడు.

అందరూ బల్లల కింద వెతికారు.

"అది యంత్రంలో ఉంటదంట సార్," అన్నాడు గుమాస్తా.

"యంత్రంలో ఉన్నదాన్ని ఆడిటు వారికి ఎట్లా చూపుతాం? కంటికి కనిపించని ఉద్యోగికి హాజరు ఎవరు వేస్తారు? కర్సరు అనునది మానవుడై ఉండవలెను."

అట్లా వచ్చింది సర్క్యులరు. గిడ్డంగి లోపల గోడకి అంటించారు. "రైతు తన తెరను తెరచిన తక్షణము గేటు వద్ద గంట మోగును. గంట మోగిన వెంటనే ఒక కర్సరు గిడ్డంగిలోనికి ప్రవేశించి, సదరు రైతు యొక్క టిక్కీపై తన కుడి అరచేయి ఉంచవలెను. తెర మూయబడినట్లు కార్యాలయము ధ్రువీకరించు పర్యంతము చేయి ఎత్తరాదు. ఎత్తిన యెడల క్రమశిక్షణా చర్య తీసుకొనబడును."

ముఠా వాళ్ళందరికీ కోతి టోపీలు, రగ్గులు, మెడలో బిళ్ళలు ఇచ్చారు. అంకారావు బిళ్ళ మీద సీనియర్ కర్సరు అని రాసుంది. వాళ్ళావిడ వీధంతా మైసూరుపాకు పంచింది.

మొదట్లో అందరికీ సంబరమే. రైతు తెర తెరిస్తే ఆకుపచ్చ చుక్క వెలిగేది. అంటే తన సరుకు మీద ఎవరో చెయ్యేసి చూసుకుంటున్నారన్నమాట. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి వాడికి చూపించి మురిసిపోయేవాళ్ళు. "నీ కొడుకు నీ మీద చెయ్యేశాడా ఎప్పుడన్నా? నా కాయల మీద చూడు!" అని.

కానీ తెర మూసి వెళ్ళే అలవాటు మనకేది? చూసుకోవడం, జేబులో పడెయ్యడం. యాప్‌లో సెలవు అని ఒక మీట ఉంది, దాన్ని నొక్కిన పాపాన ఎవడూ పోలేదు. దాంతో లోపలికెళ్ళిన కర్సర్లు లోపలే. అంకారావు పొద్దున వెళ్తే సాయంత్రానికి కూడా రాలేదు. వాళ్ళావిడ క్యారేజీ పట్టుకుని లోపలికి వెళ్ళింది. కుడి చెయ్యి టిక్కీ మీద ఉంది, ఎడం చేత్తో తినలేడు. ఆవిడే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది.

"పెళ్ళప్పుడు కూడా నా చేతి ముద్ద తిన్లేదు, సిగ్గన్నావు. ఇప్పుడు అందరి ముందూ తింటన్నావే?"

"ఇది డూటీనే. పచ్చడి ఇంకాస్త కలుపు, నోరు మొద్దుబారిపోయింది."

పక్కవాళ్ళంతా "వదినా, మాకో ముద్ద" అని నోళ్ళు తెరిచారు. పాపం, ఆ మనిషి వంటంతా ఊడ్చి పెట్టి ఇంటికి వెళ్ళింది.

ఫిర్యాదులు వెళ్ళాయి. ప్రభంజనరావు గారు ఊరుకుంటాడా? కమిటీ వేశాడు. కమిటీ కూర్చుని ఇంకో సర్క్యులరు కన్నది. దాని పేరు తెర యొక్క జీవనచక్రము.

ఆయన గేటు ముందు స్టూలెక్కి దాన్ని చదివి వినిపించాడు. "తెరకు జననము, మెలకువ, కునుకు, నిద్ర, మరణము అను దశలు కలవు. రైతుకు మధ్యలో ఫోను వచ్చిన యెడల తెర కునుకులో ఉన్నట్లు భావించవలెను. అట్టి సమయమున కర్సరు కన్నులు మూయవచ్చును, చేయి ఎత్తరాదు. తెర నిద్రించినచో కర్సరు కూర్చుండవచ్చును, చేయి ఎత్తరాదు. తెర మరల మేల్కొనినచో కర్సరు లేచి, మొదటి టిక్కీ నుండి మరల లెక్కించుకొనుచు వచ్చి తన టిక్కీని చేరవలెను."

"చెయ్యెత్తకుండా మొదటికెట్టా పోవాలయ్యా?" అని అరిచాడు తలుపు పక్కనే టిక్కీ మీద చెయ్యేసి ఉన్న అంకారావు, తలుపు సందులోంచి.

"మనసులో వెళ్ళవలెను," అన్నాడు ప్రభంజనరావు. "ఇక ముఖ్యాంశము. ఫోనును నిలువు నుండి అడ్డముగా త్రిప్పిన యెడల పాత తెర మరణించి కొత్త తెర జన్మించును. కొత్త తెరకు కొత్త కర్సరు."

"ఫోను తిప్పితే చచ్చిపోద్దా?"

"సాంకేతిక పరిజ్ఞానము ప్రకారము మరణించును."

"నేను మంచం మీద ఇటు నుంచి అటు తిరిగి పడుకుంటే పాత మొగుడు పోయాడు, కొత్త మొగుడు పుట్టాడు అంటే మా ఆవిడ ఒప్పుకుంటదా అయ్యా? సరే, పాత తెర చస్తే దాని తాలూకు కర్సరన్నా బయటికొస్తాడా?"

"మరణ ధ్రువీకరణ పిమ్మట."

"అదెవరిస్తారు?"

"సదరు తెర యొక్క యజమాని ఫోనుతో సహా హాజరై, మృత తెరను గుర్తుపట్టి, ఇద్దరు సాక్షులతో..."

అంకారావు ఎడం చేత్తో తలుపేసుకున్నాడు.

అప్పటికే లోపల ముఠా వాళ్ళలో సగం మందికి మీసాల మీద మంచు దిగింది. అలాంటి రోజున వచ్చింది మా వజ్రమ్మ.

వజ్రమ్మంటే పొలం పని ఒంటిచేత్తో చేసుకునే మనిషి. వానలు మొహం చాటేశాయి. ముందురోజు సాయంత్రం బోరు మోటారు కాలిపోయింది. కొత్తగా నాటిన తోట తడి లేక తలలు వేలాడేసింది. కోల్డ్ స్టోరేజీలో ఉన్న కాయలు అమ్మి మోటారు తెచ్చుకోవాలి. మర్నాటి నుంచి మిరపకాయల మార్కెట్ యార్డుకి వరసగా సెలవులు. మధ్యాహ్నం వేలం అయ్యేలోపు కాయలు యార్డుకి చేరితే తోట బతుకుతుంది, లేకపోతే ఎండిపోతుంది. అంతే సంగతి.

ఆమె బయల్దేరేముందు ఒకసారి మిర్చి దర్శిని తెరిచి తన టిక్కీలు చూసుకుంది. ఫోను పెరుగన్నం గిన్నె పక్కన బుట్టలో పెట్టి ఆటో ఎక్కింది. మా ఊరి రోడ్డు మీకు తెలుసు. దాంట్లో గుంతలు కావు ఉండేది, గుంతల మధ్య అక్కడక్కడా రోడ్డు ఉంటుంది. ఒక గుంతకి ఫోను నిలువుగా లేచింది, ఇంకో గుంతకి అడ్డంగా పడింది. పడ్డప్పుడల్లా ఒక తెర చావడం, ఒక తెర పుట్టడం. ఇక్కడ గేటు దగ్గర గంట మోగుతూనే ఉంది. నా కళ్ళ ముందే ముఠా వాళ్ళు అయిపోయారు, గుమాస్తాలు వెళ్ళారు, వాచ్‌మన్ వెళ్ళాడు, తోటమాలి మొక్కకి నీళ్ళు పోస్తూ పోస్తూ పైపు వదిలేసి పరిగెత్తాడు. వజ్రమ్మ మాట్లాడుకున్న లారీ తీసుకొచ్చి గేటు ముందు ఆపి, దిగి బజ్జీ అడుగుతున్న డ్రైవరు ఖాసింవలి మెడలో కూడా బిళ్ళ వేసి లోపలికి తోశారు.

"నేను సంఘం మనిషిని కాదండీ!" అంటున్నాడు వాడు.

"సంఘం ఆవరణలో ఉన్నావుగా," అన్నాడు ప్రభంజనరావు.

వజ్రమ్మ ఆటో దిగింది. గేటు దగ్గర నేనూ, ప్రభంజనరావు గారూ తప్ప పురుగు లేదు.

"బాబూ, నా టిక్కీలు బయటికేయించు. లారీ కూడా వచ్చింది."

"అమ్మా, వీలుపడదు. తమ టిక్కీలు ప్రస్తుతం తమకు చూపబడుచున్నవి."

"ఎవరికీ?"

"తమకే."

"నేను ఇక్కడున్నాగా నాయనా! ఎదురుగా తెచ్చి చూపిచ్చు, ఇంకా బాగా కనపడతయ్."

"చూపుచుండగా కదిలించుట సమాచార భద్రతకు విరుద్ధము. తమరు మొదట తెర మూయవలెను."

వజ్రమ్మ బుట్టలోంచి ఫోను తీసి, దానికంటిన పెరుగు చెంగుతో తుడిచి, సెలవు మీట నొక్కింది. తెర మీద ఒక మాట వచ్చింది. "వెళ్ళేముందు తమ సరుకును మరొక్కసారి చూచుకొని వెళ్ళెదరా?" కింద ఔను అని ఒకటే మీట ఉంది. కాదు అనేది పెడితే రైతులు నొచ్చుకుంటారని కమిటీ తీసేయించింది. ఆమె నొక్కింది. గంట మోగింది. ప్రభంజనరావు అటూ ఇటూ చూసి, ఆమెని తీసుకొచ్చిన ఆటో అతని మెడలో బిళ్ళ వేశాడు.

"నా ఆటో స్టార్టులో ఉందయ్యా!" అంటూనే లోపలికి పోయాడు అతను.

వజ్రమ్మ తల పట్టుకుంది. "ఒరే నాయనా, అక్కడ తోట ఎండిపోతందిరా. ఈ దిక్కుమాలిన తెర చస్తే బాగుండు!"

ఏ దేవత విన్నదో, ఫోను చార్జింగు అయిపోయి టప్పున ఆరిపోయింది.

"చచ్చింది!" అని గంతేసింది వజ్రమ్మ. "చచ్చింది బాబూ, నీ కళ్ళ ముందే చచ్చింది. పిలువు వాళ్ళని!"

ప్రభంజనరావు ఫోను వైపు విచారంగా చూశాడు. "సెలవు తీసుకోకుండా పోయింది. ఇది సహజ మరణము కాదు. పంచనామా చేయవలెను."

"ఫోనుకా?"

"తెరకు. మృత తెర తమదేనని గుర్తించుటకు ఒకసారి వెలిగించవలెను."

నా బండి మీద బల్బుకి కరెంటు వస్తుందిగా, అక్కడే చార్జింగు పెట్టించాడు. ఫోను బతికింది. ఎక్కడ ఆగిందో అక్కడే మొదలయ్యే బుద్ధి దానిది, మిర్చి దర్శిని తెరుచుకుంది. గంట మోగింది. ఆయన నా వైపు చూశాడు.

"అయ్యా, నూనె కాగుతోంది," అన్నాను.

"కునుకులో ఉండనిమ్ము," అని బిళ్ళ వేశాడు.

నేను లోపలికి వెళ్ళి చూద్దును కదా, వజ్రమ్మ టిక్కీల చుట్టూ తిరణాల! ఒక్కో టిక్కీ మీద అటొకడు, ఇటొకడు, కొన్నింటి మీద ముగ్గురేసి. ఎంత ఒణుకుతున్నారంటే ఆ ఒణుకుడికి టిక్కీల్లో కాయలు గలగలమని తాళం వేస్తున్నాయి. నేనూ ఒకదాని మీద చెయ్యేశాను.

"నువ్వూ వచ్చావా? బజ్జీలేమన్నా తెచ్చావా?" అన్నాడు అంకారావు. మొదటి నుంచీ వాడు చెయ్యేసి ఉన్నది వజ్రమ్మ టిక్కీ మీదే.

"తెచ్చినా ఎవడు తినిపిస్తాడ్రా?"

అప్పుడే తలుపు తెరుచుకుని సాక్షాత్తూ ప్రభంజనరావు గారు టైతో సహా లోపలికి వచ్చాడు. వెనక వజ్రమ్మ. సంగతేంటంటే, పంచనామా కోసం ఫోనుకి ఫొటో తీద్దామని ఆయనే దాన్ని అడ్డంగా తిప్పాడంట. తిప్పడంతో గంట మోగింది. బయట కర్సరు కాగలిగిన శాల్తీ ఆయనొక్కడే మిగిలాడు. మనిషి నిక్కచ్చి అని ఒప్పుకోవాలి. తన మెడలో తనే బిళ్ళ వేసుకుని వచ్చాడు.

చెయ్యేశాడు. గంభీరంగా నిలబడ్డాడు. కాసేపటికి ఆ గాంభీర్యం టై కొస దగ్గర మొదలుపెట్టి ఒణికింది.

"బాబూ," అంది వజ్రమ్మ, చెంగు చుట్టూ కప్పుకుని, "ఆ రూలేదో రద్దు చేస్తా ఒక సంతకం పెట్టకూడదా?"

"పె-పెట్టవచ్చును. కానీ నా కు-కుడి చేయి విధుల్లో ఉన్నది."

"ఎడం చేత్తో పెట్టు."

"ఎడమ చేతి సంతకము కార్యాలయ న-నమూనాతో సరిపోలదు."

"అయితే ఉండు. నా తోట అక్కడ ఎండతది, నువ్విక్కడ గడ్డకడతావు. నేను పోయి బయట ఎండలో కూర్చుంటా. మాంచి ఎండ నాయనా ఇయ్యాల. బండలు కాలిపోతన్నయ్. ఈ బజ్జీలాయన నూనె ఇంకా కాగతానే ఉంది, రెండు వాయలు నేనే వేసుకుంటా. ఉల్లిపాయలు ఉన్నయ్యా అయ్యా?"

"బుట్ట కింద, వజ్రమ్మా," అన్నాను నేను.

ప్రభంజనరావు గారు పళ్ళు టకటకలాడించుకుంటూ గోడ మీది సర్క్యులరు మొదటి నుంచి చదివాడు. మళ్ళీ చదివాడు. చలికి బుర్ర మొద్దుబారుతుందంటారు, ఆయనకి మాత్రం జన్మలో మొదటిసారి పనిచేసింది.

"ఆగుడమ్మా! చేయి టిక్కీపై ఉండవలెనని ఉన్నది. టిక్కీ ఎక్కడ ఉండవలెనో లేదు. ఇట్టి అంశముపై సర్క్యులరు మౌనముగా ఉన్నది. కావున, చేయి ఎత్తక, టిక్కీనే ఎత్తవచ్చునని ఇందుమూలముగా వ్యాఖ్యానించడమైనది!"

"ఏందయ్యా అంటున్నాడు?" అని అడిగింది వజ్రమ్మ.

"మోసుకుపొమ్మంటున్నాడత్తా," అని అరిచాడు అంకారావు. "పట్టండ్రా!"

కుడి చేతులు టిక్కీల మీదే ఉంచి, ఎడం చేతులతో లేపి, పెళ్ళి పల్లకీలు మోసినట్టు మోసుకుంటూ బయటపడ్డాం. ఎండలోకి రాగానే మా ఒంట్లోంచి ఆవిర్లు లేచాయి. దూరం నుంచి చూసినవాళ్ళు కోల్డ్ స్టోరేజీ అంటుకుందని నీళ్ళ బిందెలతో పరిగెత్తుకొచ్చారు.

టిక్కీలు లారీ ఎక్కాయి. టిక్కీలతో మేమూ ఎక్కాం. ఇక ఖాసింవలి సంగతి. వాడి కుడి చెయ్యీ టిక్కీ మీదే కదా, ఆ టిక్కీని క్యాబిన్లోకి ఎక్కించి వాడి ఒళ్ళో పెట్టాం. ఎడం చేత్తో స్టీరింగు. గేర్లు వెయ్యడానికి చెయ్యి లేదు. వజ్రమ్మ పక్కన కూర్చుంది.

"అత్తా, రెండు!"

"రెండంటే ఎటురా?"

"నీ వైపు లాగి కిందికి! అది కాదు, అది నా కాలు!"

"పెడబొబ్బలు పెట్టమాక! ఎద్దుల్ని తోలినదాన్ని, దీన్ని తోల్లేనా? హెయ్, నడువ్!"

గేరు ఎద్దు కొమ్ము లాగినట్టు లాగింది. ఆ లారీ గుంతల మీద ఎగిరినప్పుడల్లా పైనున్న మేమంతా ఎగిరాం. ఎగిరినా చేతులు మాత్రం ఎత్తలేదు. ప్రభంజనరావు గారు టిక్కీని కౌగిలించుకుని "క్రమశిక్షణ! క్రమశిక్షణ!" అని కేకలు పెడుతూనే ఉన్నాడు.

వేలం ముగించబోతుండగా యార్డులో పడ్డాం. టిక్కీలు దించాం. వ్యాపారి ఒకాయన కాయలు వాసన చూశాడు, తుంచాడు, బాగున్నాయన్నట్టు తలాడించాడు. తర్వాత తలెత్తి మమ్మల్ని చూశాడు.

"ఈ మనుషులేందమ్మా? తూకంలో కలిపి అంటగడతావా?"

"కాయలు చూడవయ్యా. మనుషులు రాలిపోతారులే," అంది వజ్రమ్మ.

ఆయన రేటు చెప్పాడు, ఆమె ఒప్పుకుంది. కాయలు ఆయన పేరు మీదికి మారాయి. మారీ మారగానే మిర్చి దర్శినిలో వజ్రమ్మ వరస మాయమైంది. వరసే లేనప్పుడు ఎవడు దేని మీద చెయ్యేసేది? తెర దానంతటదే మూసుకుంది. అంకారావు మెల్లిగా ఒక వేలు ఎత్తి చూశాడు. ఏమీ కాలేదు. ఇంకో వేలు ఎత్తాడు. "ఎత్తండ్రోయ్!" అన్నాడు. అందరి చేతులూ ఒక్కసారి గాల్లోకి లేచాయి. ఖాసింవలి ముందు తన చెయ్యి తను ముద్దు పెట్టుకున్నాడు.

వజ్రమ్మ డబ్బు తీసుకుని వెంటనే వెళ్ళిపోయింది. మోటారు షాపులో కొత్త మోటారు బేరం చేసి, ఆటో అతని మెడలో బిళ్ళ పీకేసి, అతని ఆటో గేటు దగ్గరే ఉండిపోయింది కాబట్టి అతన్నీ తనతోపాటు ఇంకో ఆటో ఎక్కించి, మోటారు ఒళ్ళో పెట్టుకుని పొలానికి పోయింది. సాయంత్రానికి తోటకి తడి అందింది. మొక్కలు తలలెత్తాయి.

ఇక్కడ ఒక్కరు మాత్రం చెయ్యి ఎత్తలేదు. ప్రభంజనరావు గారే.

"తెర మూయబడినట్లు కార్యాలయము ధ్రువీకరించవలెను," అంటాడు.

"కార్యాలయమంటే మీరేగా సార్!" అన్నాడు అంకారావు.

"నేను ప్రస్తుతం కర్సరును. కార్యాలయములో ఎవరూ లేరు."

ఆయన కాయల మీద చెయ్యేసుకుని, కళ్ళజోడు మీద ఆవిరితో, చలికీ ఎండకీ పండుమిరపకాయలా కందిన మొహంతో, టిక్కీతోపాటు కాటా ఎక్కి నిలబడ్డాడు. చుట్టూ జనం మూగారు. ఎక్కడో మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన రైతు ఒకాయన ఆ గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చి, ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. టై పట్టుకుని కొనదాకా నిమిరాడు. తర్వాత వ్యాపారి చెవి దగ్గర వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు.

"అయ్యా, మాది ఎర్రనేల. ఈ కళ్ళజోడు రకం మా దగ్గర కాస్తదంటారా? కాస్తే, విత్తనం ఎక్కడ దొరుకుద్ది?"